ఊపిరితో కొవ్వు ఖర్చు చెప్పే మీటరు: ఏడాదికి పైగా వాడాక

రోజూ పొద్దున్నే కాఫీ కంటే ముందు ఈ మీటరులోకి ఊదుతాను. అరచేతిలో ఇమిడిపోయే పరికరం. గాలి పీల్చి, పది సెకన్లు బిగబట్టి, ఫోనులో కనిపించే గీత వెంబడే నిదానంగా వదలాలి. 1 నుంచి 5 వరకు ఒక అంకె చూపిస్తుంది. చిన్న అంకె వస్తే ఒంట్లో ఎక్కువగా కొవ్వు ఖర్చవుతోందని, పెద్దది వస్తే పిండిపదార్థాలు ఖర్చవుతున్నాయని లెక్క.

కొనాలనుకునేవారు ఆ లెక్క ఎలా పుడుతుందో ముందు తెలుసుకోవాలి. పిండిపదార్థాల నుంచి వచ్చే ఒక గ్లూకోజు అణువు పూర్తిగా ఖర్చు కావడానికి 6 ఆక్సిజన్ అణువులు పడతాయి, 6 కార్బన్ డయాక్సైడ్ అణువులు వెలువడతాయి. నిష్పత్తి 1. మన ఒంటి కొవ్వులో ఉండే పామిటిక్ ఆమ్లానికి 23 ఆక్సిజన్ అణువులు పడితే, వెలువడే కార్బన్ డయాక్సైడ్ అణువులు 16. నిష్పత్తి సుమారు 0.7. వెలువడిన కార్బన్ డయాక్సైడ్‌ను పట్టిన ఆక్సిజన్‌తో భాగిస్తే వచ్చే ఈ నిష్పత్తినే ఆర్‌క్యూ (రెస్పిరేటరీ కోషెంట్) అంటారు. ప్రయోగశాలలో మాస్కు తగిలించి, లేదా తలమీద పారదర్శకమైన గూడు బోర్లించి, రెండు వాయువులనూ కొలుస్తారు. ఆ కొలతల నుంచి కేలరీలు లెక్కగట్టడానికి 1949లో వీర్ అనే శాస్త్రవేత్త ఇచ్చిన సూత్రాన్ని ఇప్పటికీ వాడుతున్నారు. నా చేతిలోని మీటరు మాత్రం ఆక్సిజన్ జోలికే పోదు. ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ శాతం చూసి మిగతాది అంచనా వేస్తుంది.

దీని పరిమితులన్నీ అక్కడే మొదలవుతాయి. ఎక్కువసేపు బిగబడితే ఆ శాతం పెరుగుతుంది, గబగబా శ్వాసిస్తే తగ్గుతుంది. మెట్లెక్కి వచ్చిన వెంటనే ఊదితే ఒక అంకె, కాసేపు కూర్చుని ఊదితే మరొకటి వస్తుంది. జలుబు చేసిన రోజుల్లో నేను అసలు పట్టించుకోను. లేచిన వెంటనే, అదే కుర్చీలో, పరగడుపున ఊదిన అంకెలనే నమ్ముతాను. ఒక్క రోజు అంకెను కాకుండా వారం పోకడను చూస్తాను.

అలా చూస్తే మాత్రం ఇది చాలా నేర్పింది. రాత్రి ఏడింటికల్లా రెండు జొన్నరొట్టెలు, పప్పుతో ముగిస్తే పొద్దున సాధారణంగా 2 చూపిస్తుంది. పెళ్లి భోజనం పదకొండింటికి చేసి పడుకుంటే 4 తప్పదు. ఏకాదశి ఉపవాసం గురించి కూడా నాకు స్పష్టత వచ్చింది. మంచినీళ్లతో ఉన్నప్పుడు అంకె దిగుతుంది. సగ్గుబియ్యం ఉప్మా, అరటిపళ్లతో గడిపిన రోజు దిగదు, ఎందుకంటే ఆ రెండూ పిండిపదార్థాలే.

ప్రకటనలు పెద్దగా చెప్పని విషయం ఇంకొకటి ఉంది. 1 వచ్చినంత మాత్రాన బరువు తగ్గుతున్నట్టు కాదు. రాత్రి నెయ్యి, పనీరు బాగా తింటే పొద్దున చిన్న అంకే వస్తుంది, ఎందుకంటే ఖర్చయ్యే కొవ్వులో ఆ భోజనంలోనిది కూడా ఉంటుంది. నడుము చుట్టూ పేరుకున్నది కరగాలంటే మొత్తం తిన్నదానికంటే ఖర్చు ఎక్కువ ఉండాలి. ఆ తేడాను ఈ మీటరు కొలవదు. నేను బరువు తగ్గింది అన్నం తగ్గించి, సాయంత్రం నడక పెంచాకే.

షుగరు ఉన్నవారికి గట్టిగా చెప్పాల్సిన మాట ఒకటుంది. ఇది రక్తంలో గ్లూకోజు ఎంతుందో చెప్పదు. ఇన్సులిన్ చాలక కణాలు గ్లూకోజును వాడుకోలేనప్పుడు కూడా ఒళ్లు కొవ్వు వైపే మళ్లుతుంది. అలాంటప్పుడు చిన్న అంకె చూసి సంతోషించడం ప్రమాదం. గ్లూకోమీటరును పక్కన పెట్టకండి, డాక్టరును అడగకుండా మాత్రలు మార్చకండి.

ఖర్చు విషయానికి వస్తే, పరికరం ధరతో పాటు యాప్‌కు చందా కూడా కట్టాలి. చందా ఆపేస్తే పరికరం పెద్దగా ఉపయోగపడదు. భోజన వేళలు సరిదిద్దుకోవాలని పట్టుదల ఉన్నవారు ఆరు నెలల చందాతో మొదలుపెట్టండి. తమ శరీరం విశ్రాంతిలో ఎన్ని కేలరీలు ఖర్చు చేస్తుందో కచ్చితంగా తెలియాలనుకునేవారు ఆ డబ్బుతో పరగడుపున ఒక్కసారి మాస్కు పరీక్ష చేయించుకోవడం మేలు.