4.8 ఉన్న చోట నేనూ 5 ఇచ్చి వచ్చాను

మొన్నటి నాలుగు రోజుల టూర్‌లో చూడాల్సిన చోట్ల కోసం కన్నా తిండి కోసమే ఎక్కువ తిరిగాం. కొండ ఊరు, వానాకాలం, తెలిసినవాళ్లు ఒక్కరూ లేరు. ఫోన్ తీస్తే మ్యాప్ నిండా హోటళ్లే, ఒక్కోదాని పక్కన ఒక అంకె. ఆ అంకెను ఎంతవరకు నమ్మొచ్చో తేలేలోపు తిరుగు ప్రయాణం వచ్చేసింది. ఊరి పేరు, హోటళ్ల పేర్లు ఇక్కడ రాయడం లేదు. ఎందుకంటే అందులో నా తప్పు కూడా ఉంది.

మొదటి రాత్రి బస్సు దిగేసరికి తొమ్మిది దాటింది. లాడ్జిలో సామాన్లు పడేసి, దగ్గర్లో మంచి రేటింగ్ దేనికుందా అని చూస్తే 4.8తో ఒకటి కనిపించింది. వెయ్యికి పైగా రివ్యూలు. "సూపర్", "ఇంట్లో తిన్నట్టే ఉంది", "స్టాఫ్ చాలా మంచివాళ్లు". ఆకలి మీద ఉన్నవాడికి అంతకంటే ఏం కావాలి? వెళ్లాం. లోపల ఆరు టేబుళ్లు, మేం కాక ఇంకో జంట. తెచ్చిపెట్టినవన్నీ ఎప్పుడో చేసి అప్పటికప్పుడు వేడి చేసినవే. పైన పొగలు, లోపల చల్లగా. మా చిన్నాడు రెండు ముద్దలు తిని కడుపు నిండిపోయిందన్నాడు. వాడి కడుపు అంత తొందరగా నిండటం నేనెప్పుడూ చూడలేదు.

అసలు సంగతి బిల్లు దగ్గర మొదలైంది. టేబుల్ మీద ఒక ప్లాస్టిక్ స్టాండు, దాని మీద క్యూఆర్ కోడ్, కింద ‘5 స్టార్లు ఇచ్చి చూపించండి, ఐస్‌క్రీం ఫ్రీ’ అన్న స్టిక్కర్. బిల్లు తెచ్చిన కుర్రాడు ఆ స్టాండును నా ముందుకు జరిపి, చేతులు కట్టుకుని పక్కనే నిలబడ్డాడు. "సార్, రివ్యూలో నా పేరు కూడా రాయండి సార్, నెలకి ఇన్ని అని మాకు లెక్క ఉంటుంది" అన్నాడు. గొంతులో బతిమాలుడు తప్ప ఇంకేం లేదు. పిల్లల చెవిన ఐస్‌క్రీం మాట పడనే పడింది. కుర్రాడు నా వేలు వైపే చూస్తున్నాడు. ఐదు నొక్కాను. ‘గుడ్ ఫుడ్, గుడ్ సర్వీస్’ అని కూడా రాశాను.

బయటికి రాగానే మా ఆవిడ, "ఏమండీ, రేపు మనలాంటివాళ్లు ఎవరో మీరు రాసింది చదివి ఇక్కడికే వస్తారు కదా?" అంది. ఏం చెప్పను?

దొంగ రివ్యూలు అనగానే ఎక్కడో గదిలో కూర్చుని డబ్బులకు రాసేవాళ్లే మన కళ్ల ముందు మెదులుతారు. అలాంటివాళ్లూ ఉన్నారు, కాదనను. కానీ నా రివ్యూ దొంగది కాదు. నిజంగా వెళ్లాను, నిజంగా తిన్నాను, బిల్లు కట్టాను. అబద్ధమల్లా ఆ ఐదు మాత్రమే. ఇలాంటిదాన్ని ఏ కంప్యూటరు పట్టుకుంటుంది?

ఆ రాత్రి నిద్ర పట్టక ఊబా బట్లర్ కథ మళ్లీ చదివాను. అతను లండన్‌లో ఉండే రచయిత. ఒకప్పుడు డబ్బులు తీసుకుని, తాను అడుగు కూడా పెట్టని రెస్టారెంట్లకు ట్రిప్‌అడ్వైజర్ అనే రివ్యూల సైట్‌లో పొగడ్తలు రాసిపెట్టేవాడు. 2017లో అతనికి ఒక అనుమానం వచ్చింది: అసలు రెస్టారెంటే లేకుండా రేటింగ్ తెచ్చుకోవచ్చా? తాను ఉంటున్న పెరటి షెడ్డుకే ‘ద షెడ్ ఎట్ డల్విచ్’ అని పేరు పెట్టి నమోదు చేశాడు. వెబ్‌సైట్‌లో పెట్టిన వంటకాల ఫొటోల్లో నురగలా కనిపించింది షేవింగ్ ఫోమ్. ఒక ఫొటోలో పళ్లెంలో ఉన్నది అతని కాలి మడమ. స్నేహితులు రివ్యూలు రాశారు. ఎవరు ఫోన్ చేసినా ‘ఖాళీ లేదు’ అనేవాడు. ఖాళీ లేదన్నకొద్దీ ఫోన్లు పెరిగాయి. దాదాపు 18,000 రెస్టారెంట్ల జాబితాలో అడుగు నుంచి మొదలుపెట్టి, ఆ నవంబర్‌కల్లా లండన్ మొత్తానికి మొదటి ర్యాంకు కొట్టాడు. అప్పటికి అక్కడ ఒక్కరికీ ఒక్క ముద్ద వడ్డించలేదు.

కానీ నాకు గుర్తుండిపోయింది ర్యాంకు కాదు, ఆ తర్వాత జరిగింది. ఒక్క రాత్రి నిజంగానే తలుపులు తెరిచి, సూపర్ మార్కెట్లో దొరికే రెడీమేడ్ భోజనాలు వేడి చేసి పెట్టాడు. వచ్చినవాళ్లలో కొందరు బాగుందన్నారు, మళ్లీ ఎప్పుడు రావచ్చని అడిగారు. అంటే రేటింగ్ మనల్ని అక్కడిదాకా తీసుకెళ్లి ఊరుకోదు, నాలుక మీద కూడా కూర్చుంటుంది. మొదటి రాత్రి నేను కూడా రెండో ముద్ద దాకా ‘ఇంతమంది బాగుందన్నారు, నాకే నోరు బాలేదేమో’ అనుకుంటూనే తిన్నాను.

లాడ్జి విషయంలో మాత్రం రివ్యూలు అక్షరాలా నిజమయ్యాయి. బుక్ చేసే ముందు చదివినప్పుడు ముగ్గురు నలుగురు ఒకే మాట రాశారు: పొద్దున ఎనిమిది దాటితే వేడినీళ్లు రావు, రోడ్డు వైపు గదులు వద్దు, మెట్లు నిటారుగా ఉంటాయి. వెనక గది అడిగి తీసుకున్నాం, ఏడింటికే స్నానాలు కానిచ్చాం. ఒకరోజు బద్ధకించి ఎనిమిదిన్నరకు కుళాయి తిప్పితే చల్లటి నీళ్లే వచ్చాయి. గదులు శుభ్రం, దుప్పట్లు మంచివి. మళ్లీ వెళ్తే అక్కడే దిగుతాం, పెద్దవాళ్లు వెంట లేకపోతేనే. ఆ మెట్లు మోకాళ్లకు పరీక్షే.

అక్కడే నాకు తేడా తెలిసొచ్చింది. వేడినీళ్లు వస్తాయా రావా అన్నది ఎవరు చెప్పినా ఒకటే. ‘రుచి అదిరింది’ అన్నది మాత్రం చెప్పినవాడి నోటిని బట్టి ఉంటుంది, ఆకలిని బట్టి, పక్కన ఎవరున్నారన్నదాన్ని బట్టి కూడా.

రెండో రోజు రివ్యూల మీద విసుగొచ్చి టాక్సీ డ్రైవర్‌ని అడిగాను. తిన్నగా ఒకచోటికి తీసుకెళ్లాడు. మేం లోపలికి వెళ్లేసరికి అతనికి పక్క గదిలో ఉచితంగా భోజనం పెడుతున్నారు. దాని గురించి ఇంతకంటే రాయక్కర్లేదు.

మూడో రోజు పద్ధతి మార్చాం. స్టార్లు ఎక్కువున్నవి వదిలేసి, 3.6 ఉన్నదాన్ని తెరిచి ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లు ఏమన్నారో చదవడం మొదలుపెట్టింది మా ఆవిడ. పార్కింగ్ లేదు. ఏసీ లేదు. కార్డు తీసుకోరు. బల్ల ఖాళీ అయ్యేదాకా బయట నిలబెట్టారు. రెండింటికి వెళ్తే అన్నీ అయిపోయాయన్నారు. ‘ఓనరమ్మ నవ్వదు’ అని ఒకరు. మా ఆవిడ ఫోన్ పక్కన పెట్టి, "రెండింటికే అయిపోతోందంటే ఏ రోజుది ఆ రోజే చేస్తున్నారనేగా?" అంది. అంతమంది తిట్టారు గానీ తిండి బాలేదని ఒక్కరూ అనలేదు.

పన్నెండున్నరకే వెళ్లాం. అయినా ఇరవై నిమిషాలు చూరు కింద నిలబడ్డాం. వంటగదికి తలుపు లేదు. పెద్ద మూకుడు, దాని పక్కన చెమటలు కక్కుతున్న మనిషి, కడిగి బోర్లించిన గిన్నెలు అన్నీ కనిపిస్తున్నాయి. ఓనరమ్మ నిజంగానే నవ్వలేదు. కానీ చిన్నాడి పళ్లెం చూసి, అడక్కుండానే కారం లేనిది తెచ్చి పెట్టింది. వాడు రెండోసారి వేయించుకున్నాడు. టేబుల్ మీద ఏ స్టాండూ లేదు. రివ్యూ రాయమని ఎవరూ అడగలేదు, బహుశా అందుకే 3.6. బాగా తిన్నవాడు చేయి కడుక్కుని వెళ్లిపోతాడు, ఎండలో నిలబడ్డవాడు ఫోన్ తీస్తాడు.

అలాగని 4.8 ఓనర్‌ని పూర్తిగా తిట్టలేను. హార్వర్డ్ బిజినెస్ స్కూల్‌కి చెందిన మైఖేల్ లూకా సియాటిల్ నగరంలోని రెస్టారెంట్ల లెక్కలు తీసి 2011లో ఒక పరిశోధన పత్రం రాశాడు. యెల్ప్ అనే అమెరికా రివ్యూల సైట్‌లో ఒక్క స్టార్ పెరిగితే ఆదాయం 5 నుంచి 9 శాతం పెరుగుతుందని తేల్చాడు. ఆ ప్రభావం కూడా పేరున్న చైన్ రెస్టారెంట్ల మీద కాదు, సొంతంగా నడుపుకునేవాటి మీదే. చిన్న హోటల్‌కి అర స్టార్ కూడా జీతాలంత విలువ అన్నమాట. ఆ కుర్రాడు చేతులు కట్టుకుని నిలబడింది ఊరికే కాదు. దీనికి పూర్తిగా ఎదురు తిరిగినవాళ్లూ ఉన్నారు: 2014లో కాలిఫోర్నియాలో బోటో బిస్ట్రో అనే రెస్టారెంట్ వాళ్లు యెల్ప్‌తో విసిగిపోయి, మాకు ఒక్క స్టార్ ఇచ్చినవాళ్లకు డిస్కౌంట్ అని ప్రకటించారు. జనం ఎగబడి సరదాకి తిడుతూ రాశారు. ఆ తిట్లు చదువుతుంటే ఆకలేస్తుంది.

నియమాలు వస్తున్నాయి. ఆన్‌లైన్ రివ్యూల కోసం మన ప్రమాణాల సంస్థ బీఐఎస్ 2022 నవంబర్‌లో ఐఎస్ 19000 ప్రమాణం తెచ్చింది, కాకపోతే ఇష్టమున్నవాళ్లు పాటించేదిగా. అమెరికాలో నకిలీ రివ్యూల అమ్మకం, కొనుగోలు రెండూ తప్పేనన్న నిబంధన 2024 అక్టోబర్ నుంచి అమల్లో ఉంది. మంచిదే. ఐస్‌క్రీం ఆశతో నొక్కిన ఐదును పట్టుకోవడం మాత్రం అంత సులువు కాదు.

నాలుగో రోజు ఒక తప్పు చేశాను, అది కూడా చెప్పాలి. కుండపోత వాన, గొడుగు విరిగింది, బూట్ల నిండా నీళ్లు. ఎదురుగా ఉన్న హోటల్లో దూరాం. ఆర్డర్ పది నిమిషాలు ఆలస్యమయ్యేసరికి కోపమొచ్చి అక్కడే కూర్చుని రెండు స్టార్లు కొట్టాను. తర్వాత తెలిసింది, జార్జియా టెక్, యాహూ ల్యాబ్స్ పరిశోధకులు 2014లో అమెరికాలోని 11 లక్షల రెస్టారెంట్ రివ్యూలు పరిశీలించారని, వాన, మంచు పడ్డ రోజుల్లో రాసిన రివ్యూల్లో రేటింగ్‌లు తక్కువగా ఉన్నాయని. పాపం ఆ హోటల్ వాళ్లు నా గొడుగు పాపం మోశారు. ఇంటికొచ్చాక దాన్ని తీసేశాను.

ఇప్పుడు కొత్త ఊళ్లో హోటల్ వెతికేటప్పుడు ముందు ‘కొత్తవి’ నొక్కుతాను. రెండేళ్ల కిందటి పొగడ్త ఎందుకు, వంటవాడు మారి ఉండొచ్చు. మూడు స్టార్లవాళ్లు రాసింది ఓపిగ్గా చదువుతాను, ఎక్కువగా వాళ్లే మంచీ చెడూ రెండూ చెబుతారు. హోటల్‌వాళ్లు పెట్టిన ఫొటోలు కాదు, తినేవాళ్లు తీసిన వంకర ఫొటోలు చూస్తాను. వరసగా పది రివ్యూల్లో ఒకే సర్వర్ పేరు కనిపిస్తే ఎందుకో నాకు తెలుసు. ఇంత చేసినా ఒక్కోసారి దెబ్బతింటాను, అప్పుడు మా చిన్నాడి కడుపు తొందరగా నిండుతుంది.

ఆ మొదటి రాత్రి ఐదును కూడా మార్చాను. రెండు చేసి, కుర్రాడి పేరు తీసేసి, వేడి చేసి పెడుతున్నారని, 5 స్టార్లకు ఐస్‌క్రీం ఇస్తున్నారని ఉన్నదున్నట్టు రాశాను. గంటలో ఓనర్ నుంచి జవాబు వచ్చింది: ‘మీ ఆదరణకు ధన్యవాదాలు సార్, మళ్లీ తప్పకుండా రండి.’ కిందికి జరిపి చూస్తే అందరికీ అదే జవాబు.