మామయ్య వదిలిన చువ్వలు, మాకు వచ్చిన బిల్లు

మాది హైదరాబాద్ మల్కాజిగిరి. 200 గజాల స్థలంలో మా మామయ్య 1984లో కట్టించిన డాబా ఇల్లు. తర్వాత పైన ఇంకో అంతస్తు వేయాలని మిద్దె మీద ఆరు చోట్ల చువ్వలు వదిలారు. ఆయన పోయారు, చువ్వలు మిగిలాయి. మా అత్తమ్మ వాటికే తీగ కట్టి బట్టలు ఆరేస్తుంది. "పిల్లర్లు రెడీగానే ఉన్నాయి కదా, లేపేయండి" అని ఇంటికొచ్చిన ప్రతివాళ్ళూ అనేవాళ్ళు.

కిందటేడు లేపుదామనే అనుకున్నాం. పైన రెండు గదులు, కింద వంటగదికీ హాలుకీ మధ్య గోడ తీసేసి ఒకటే గది. మొదట వచ్చిన కాంట్రాక్టరు పది నిమిషాలు తిరిగి, ఆ గోడను రెండుసార్లు తట్టి, "ఒక్క రోజు పని మేడమ్" అన్నాడు. నేను ముప్ఫై ఏళ్ళు బ్యాంకులో లోన్ల సెక్షన్‌లో చేశాను. అంత తేలిగ్గా మాట్లాడేవాళ్ళను చూస్తే నాకు టెన్షన్. అందుకని పాత ఇళ్ళను పరీక్షించి, రిపేరు కూడా చేసే ఒక చిన్న ఇంజనీర్ల సంస్థను పిలిచాం. ఈ రివ్యూ వాళ్ళ పని గురించే. పేరు రాయడం లేదు, ఎందుకో కింద బిల్లు దగ్గర తెలుస్తుంది.

పరీక్షకు 18,000 తీసుకున్నారు. తొమ్మిదింటికి వస్తామని పదకొండున్నరకు వచ్చారు. ఒక కుర్ర ఇంజనీరు, ఇద్దరు హెల్పర్లు. వచ్చాక మాత్రం చీకటి పడేదాకా కదల్లేదు.

వంటగది గోడ ఉత్త అడ్డుగోడ కాదట. తొమ్మిదంగుళాల గోడ, పైన స్లాబు దాని మీదే కూర్చుంది. అసలు ఇంట్లో పిల్లర్లే లేవు, బరువంతా గోడల మీదే. మరి మిద్దె మీద చువ్వల సంగతేమిటి? ఒక మూల చెక్కి చూశారు. కొద్ది లోతులోనే చువ్వ వంగి స్లాబులోనే ఆగిపోయింది. కింద గోడ పక్కన గుంట తవ్వితే రాళ్ళ పునాది తప్ప పిల్లరు ఫుటింగు, అంటే పిల్లరు అడుగున ఉండే కాంక్రీటు దిమ్మ, లేదు. అత్తమ్మ ఆ గుంటలోకి చాలాసేపు చూసి, "మరి ఆయన ఎందుకు పెట్టిచ్చినట్టు?" అంది. "ఆయనకు తెల్వదమ్మా, మేస్త్రీ పెట్టి ఉంటడు" అన్నాడు ఆ పిల్లాడు. ఆ ఒక్క మాటకే ఒక స్టార్ ఎక్కువ ఇవ్వొచ్చు.

హాల్లో మేం ఎప్పుడో వేయించిన ఫాల్స్ సీలింగ్ విప్పితే ఇంకో కథ. మిద్దె మీద వాటర్ ట్యాంకు ఉన్నచోట స్లాబు పెచ్చులు ఊడి, చువ్వలు బయటపడి ఉన్నాయి. తుప్పు పట్టిన ఇనుము ఉబ్బి కాంక్రీటును కిందికి తోసేస్తుందట. చెక్కినచోట ఏదో మందు స్ప్రే చేశాడు. కాంక్రీటులో సున్నపు గుణం ఉన్నన్నాళ్ళూ ఇనుముకు రక్షణ. గాలిలోని కార్బన్ డయాక్సైడ్ పట్టీ పట్టీ అది పోతుంది. ఉంటే మందు గులాబీ రంగుకు తిరుగుతుంది, పోతే రంగే రాదు. నాకంటే ముందు అత్తమ్మకు అర్థమైంది. "పసుపుల సున్నం కలిపితే ఎర్రగయితది, గట్లనే గదా బిడ్డా" అంది. పడగ్గదిలో గులాబీ వచ్చింది. హాల్లో చువ్వల చుట్టూ ఏమీ రాలేదు.

వెనక తర్వాత కలిపిన గదికీ పాత గోడకీ మధ్య నిలువు బీట ఉంది. ప్రతి దసరాకీ లప్పం పెట్టి రంగు వేసేవాళ్ళం. ఆ రెండు గోడలనూ అసలు కలపనే లేదట, పక్కపక్కన నిలబెట్టారంతే. పునాది ఒక్కటే బాగుంది, కింద బండ ఉండబట్టి.

రిపేరు పని నాణ్యతకు వంక పెట్టను. ముందు స్లాబు కింద ఆసరాగా జాకీలు పెట్టి, వదులు కాంక్రీటంతా చువ్వల వెనక దాకా చెక్కి, తుప్పు గీకి, సన్నబడ్డచోట కొత్త చువ్వలు కట్టి, అప్పుడే మళ్ళీ పూశారు. గోడ మొత్తం తీయలేదు. ఆరడుగులు తెరిచి పైన ఇనుప బీము పెట్టారు. పైన రెండు గదులకు బదులు ఒకటే, అదీ వెనకవైపు, సొంత ఫుటింగులున్న నాలుగు కొత్త పిల్లర్ల మీద. నాలుగడుగులకే బండ తగిలి, దాన్ని పగలగొట్టే బ్రేకర్ తెప్పించారు, మన ఊరి నేల సంగతి తెలిసిందే. కొత్త స్లాబుకు రోజూ నీళ్ళు పెట్టాల్సింది నేనే, వాళ్ళ మనిషి మూడోరోజే మాయం.

ఇక బిల్లు. కొటేషన్‌లో లేని 64,000 చివర్లో వచ్చింది. బ్రేకరు అద్దె, చెత్త ట్రాక్టర్లు, జాకీలు అదనంగా ఉంచిన రోజులు. బండ ముందే కనపడదు, ఒప్పుకుంటా. చెత్త వస్తుందని కూడా తెలియదా? పైగా మూడు వారాలన్న పని 41 రోజులు సాగింది, హాల్లో గ్యాస్ స్టవ్ పెట్టుకుని వండాను. గొడవపడితే 15,000 తగ్గించి, ఇది బయట చెప్పొద్దన్నారు. అందుకే పేరు రాయలేదు, తగ్గించిన సంగతి మాత్రం రాశాను.

ఐదుకు మూడున్నర. ఇలాంటి వాళ్ళను పిలిస్తే చెత్త, జాకీల లెక్క ముందే కాగితం మీద రాయించుకోండి.

చివరిరోజు మిద్దె మీది చువ్వలన్నీ గ్రైండర్‌తో కోసేశారు. అత్తమ్మ బకెట్ పట్టుకుని పైకొచ్చి నిలబడితే, ఆ కుర్రాడు మిగిలిన రెండు పైపులు పిట్టగోడకు బిగించి తీగ కట్టించాడు. అది బిల్లులో లేదు.