మా కాలనీ పార్కు వేసవి శిబిరం: పిల్లలను పంపవచ్చా?

కర్నూలులో మా కాలనీ సంక్షేమ సంఘం వారు పార్కులో నడిపిన వేసవి శిబిరానికి ఈసారి మా మనవరాలిని పంపాను. ఎనిమిదేళ్ళ పిల్ల, సెలవులకు హైదరాబాదు నుంచి వచ్చింది. నేను ప్రభుత్వ ఉన్నత పాఠశాలల్లో వ్యాయామ ఉపాధ్యాయినిగా పనిచేసి రిటైరయ్యాను. అందుకని పిల్లను గేటు దగ్గర వదిలి వెనక్కి రాలేకపోయాను. చాలా ఉదయాలు వేపచెట్టు కింది బెంచీ మీద కూర్చుని మొదటి ఈల నుంచి చివరి ఈల దాకా చూశాను. పంపవచ్చా అని అడుగుతున్న వారికి ముందే చెబుతున్నాను: పంపండి. ఆరేళ్ళ నుంచి పన్నెండేళ్ళ లోపు పిల్లలకు ఇది మంచి శిబిరం. అంతకన్నా పెద్దవారికి, ఒకే ఆటలో పైకి రావాలనుకునే వారికి ఇది చాలదు. ఆడపిల్లల తల్లిదండ్రులు డబ్బు కట్టే ముందు తేల్చుకోవలసిన విషయం ఒకటుంది. అది కింద వివరంగా రాస్తాను.

రుసుము నెలకు రూ.600. ఒకే ఇంటి నుంచి రెండో బిడ్డ వస్తే సగమే తీసుకుంటారు. కాలనీ ఇళ్ళలో పనిచేసే వారి పిల్లలకు, వెనక వీధిలో కట్టడం పనికి వచ్చిన కూలీల పిల్లలకు రుసుమేమీ లేదు. నాకు బాగా నచ్చింది ఇక్కడే. డబ్బు కట్టిన వారికీ కట్టని వారికీ ఒకే రంగు టోపీ ఇచ్చారు, ఒకే జట్టులో కలిపారు. ఎవరు ఏ ఇంటి నుంచి వచ్చారో పిల్లల ముందు ఎవరూ మాట్లాడలేదు. మా మనవరాలికి బాగా దగ్గరైన స్నేహితురాలు ఆ కట్టడం దగ్గర రేకుల గుడిసెలో ఉండే పిల్ల. పరుగులో ఆ పిల్లను పట్టుకోగలిగిన వారు శిబిరంలో ఎవరూ లేరు.

వేళలు ఉదయం 6 నుంచి 8.30 వరకు, సాయంత్రం 5.30 నుంచి 6.45 వరకు. కర్నూలు ఎండ తెలిసిన వాళ్ళు పెట్టిన వేళలివి. ఏప్రిల్ చివరికే ఇక్కడ 40 డిగ్రీలు దాటిపోతుంది, మే నెలలో 43, 44 కూడా చూస్తుంటాం. ఉదయం పది గంటలకు కూడా పిల్లలను మైదానంలో నిలబెట్టే శిబిరాలు ఊళ్ళో ఉన్నాయి. పిల్లల ఒళ్ళు పెద్దవారి ఒళ్ళకన్నా త్వరగా వేడెక్కుతుంది. ఆట మీద ధ్యాసలో ఉన్న పిల్లకు దాహం వేస్తున్న సంగతే తెలియదు. అందుకే అడిగితే నీళ్ళు ఇవ్వడం కాదు, అడగకుండానే తాగించాలి. ఇక్కడ ఇరవై నిమిషాలకోసారి ఈల వేసి ఆట ఆపేవారు. ప్రతి పిల్లా తన సీసా తెచ్చుకుని నేర్పేవారి ఎదుటే తాగాలి. చెట్టు కింద మూడు కుండలు, వాటికి తడి గుడ్డలు, పక్కనే ఉప్పు వేసిన పలుచని మజ్జిగ. ఓఆర్ఎస్ ప్యాకెట్లు కూడా ఉంచారు. వాటిని లీటరు నీళ్ళు కొలిచి కలపడం చూసి సంతోషపడ్డాను. ఒక గ్లాసు నీళ్ళలో ప్యాకెట్ మొత్తం కలిపి తాగించే అలవాటు మన ఇళ్ళలో చాలా ఉంది. అంత చిక్కగా కలిపితే పిల్లలకు మేలు జరగదు, కీడు జరుగుతుంది.

ఇనుప జారుడుబల్లను ఉదయం 7.30కే తాడు కట్టి మూసేసేవారు. మే నెలలో ఆ రేకు తొడలు కాలేంత వేడెక్కుతుంది. మున్సిపల్ పార్కుల్లో ఆ సంగతి పట్టించుకునే వారిని నేను అరుదుగా చూశాను.

ఇక అసలు విషయం, ఆటలు. శిబిరం మంచిదా కాదా తేల్చడానికి నా కొలత ఒకటే: గంట ఆటలో ఒక్కో పిల్ల ఎన్ని నిమిషాలు కదిలింది? ఉద్యోగంలో ఉన్నంతకాలం నేను దీన్నే పట్టుకున్నాను. ముప్పై మంది పిల్లలకు ఒక బ్యాటు, ఒక బంతి ఇచ్చి క్రికెట్ అంటే ఇద్దరు ఆడతారు, నలుగురు పరుగెత్తుతారు, మిగతావారు నిలబడి ఎండకు మాడతారు. మొదటి వారం ఇక్కడా అదే జరిగింది. మా మనవరాలు సరిహద్దు గీత దగ్గర కూర్చుని మట్టిలో ముగ్గులు వేసుకుంది. శిబిరం చూసుకునే ఆయన బ్యాంకులో పనిచేసి రిటైరైన మనిషి. ఆయన దగ్గరికి వెళ్ళి, “సార్, ఇంత మందికి ఒకే పిచ్ అయితే ఆట కాదు, వరుసలో నిలబడటం అవుతుంది. నాలుగు చిన్న పిచ్‌లు గీయించండి, ఆరుగురేసి ఆడతారు, రబ్బరు బంతి చాలు” అన్నాను. ఆయన నొచ్చుకోలేదు. “మేడమ్, రేపు ఉదయం కాస్త ముందుగా రండి, ఎక్కడెక్కడ గీయాలో మీరే చూపించండి” అన్నారు. మరుసటి రోజు సున్నం పట్టుకుని ఆయనే గీశారు. అప్పటి నుంచి క్రికెట్ వేళలో ఖాళీగా కూర్చున్న పిల్ల నాకు కనిపించలేదు. చెబితే విని మార్చుకునే నిర్వాహకులు దొరకడం పెద్ద విషయం. నేను ఈ శిబిరాన్ని మెచ్చుకోవడానికి సగం కారణం అదే.

ఖోఖో నేర్పిన అమ్మాయి గురించి ప్రత్యేకంగా రాయాలి. వ్యాయామ ఉపాధ్యాయుల కోర్సు బీపీఈడీ చదువుతోందట. ఖోఖో కోర్టు అసలు కొలత 27 మీటర్ల పొడవు, 16 మీటర్ల వెడల్పు. ఏడెనిమిదేళ్ళ పిల్లలు అంత దూరం పరుగెత్తితే రెండు నిమిషాల్లో ఆయాసపడి పక్కకు తప్పుకుంటారు. ఈ అమ్మాయి చిన్నవారికి కోర్టును దాదాపు సగానికి తగ్గించి గీసింది. స్తంభాలకు గోనెసంచులు చుట్టి కట్టింది. మొదటి రెండు రోజులు పరుగే లేదు. వరుసలో ఒకరు అటు, ఒకరు ఇటు ముఖం పెట్టి కూర్చోవడం, వెనక నుంచి వీపు తాకి ‘ఖో’ అని గట్టిగా అరవడం, ఆ అరుపు వినపడ్డాకే లేవడం, ఇంతే. తొందరపడి ముందే లేచిన పిల్లను కసరలేదు, మళ్ళీ కూర్చోబెట్టి మళ్ళీ ఖో ఇప్పించింది. 2025 జనవరిలో ఢిల్లీలో జరిగిన మొదటి ఖోఖో ప్రపంచ కప్‌లో మన పురుషుల జట్టు, మహిళల జట్టు రెండూ గెలిచిన సంగతి నీళ్ళు తాగే విరామంలో చెప్పింది. ఆ రోజు నుంచి ఆడపిల్లల అరుపులు మా వీధి చివరికి వినిపించాయి. “అవ్వా, ఈరోజు నాకు నాలుగుసార్లు ఖో వచ్చింది” అని మా పిల్ల ఇంటికి వచ్చి చెప్పేది. గెలిచారా ఓడారా అన్నది ఆమె ఎప్పుడూ ముందుగా చెప్పలేదు, నేనూ అడగలేదు.

సాయంత్రాలు పెద్దవారివి. కాలనీలోని తాతలు, అవ్వలు వచ్చి పాత ఆటలు నేర్పారు. పార్కు దారికి పరిచిన బేతంచెర్ల బండల మీద సుద్దతో పులిజూదం గీసి, 3 పులులకు చింతగింజలు, 15 మేకలకు గులకరాళ్ళు పెట్టి ఆడించారు. మేకలు కలిసికట్టుగా కదిలితే పులికి దారి మూసుకుపోతుందని తెలుసుకోవడానికి పదేళ్ళ పిల్లవాడికి మూడు ఆటలు చాలు. ఆ తర్వాత ఫోను అడగడం మానేసి ప్రత్యర్థి కోసం వెతుక్కుంటాడు. అచ్చనగండ్లు, వామనగుంటలు, తొక్కుడుబిళ్ళ కూడా ఉన్నాయి. బిళ్ళంగోడు ఆడించినప్పుడు మాత్రం పార్కు మూల ఖాళీ చేయించి, చూసేవారిని తాడు బయట నిలబెట్టారు. ఎగిరే బిళ్ళ కంటికి ఎంత ప్రమాదమో తెలిసిన నాకు ఆ జాగ్రత్త చూసి ధైర్యం కలిగింది. బడిలో పాఠ్యప్రణాళిక, కొలతలు, పోటీలు ఉంటాయి కాబట్టి ఈ ఆటలకు మేము ఎప్పుడూ సమయం ఇవ్వలేకపోయాం. ఇలాంటి శిబిరాలే వీటికి చోటు.

ఇప్పుడు లోపాలు.

అన్నిటికన్నా పెద్దది మరుగుదొడ్డి. పార్కులో ఆడపిల్లలకు వేరుగా ఒకటుంది. మొదట్లో దానికి తాళం ఉండేది. తాళంచెవి కావలిమనిషి దగ్గర ఉంటుంది, ఆయన ఉదయం ఆరింటికి ఇంటికి వెళ్ళిపోతాడు. శిబిరం ఆరింటికి మొదలు. నీళ్ళ ఈల వేసినప్పుడు నలుగురైదుగురు ఆడపిల్లలు సీసా పెదాలకు ఆనించి దించేయడం గమనించాను. పదకొండేళ్ళ పిల్లను పక్కకు పిలిచి అడిగితే, “తాగితే వెళ్ళాలి కదా మేడమ్, తాళం వేసి ఉంది” అంది. కుండలు, మజ్జిగ, ఇరవై నిమిషాలకోసారి ఈల, ఇంత ఏర్పాటూ ఆ ఒక్క తాళం ముందు ఓడిపోయింది. 42 డిగ్రీల ఊళ్ళో ఒక పిల్ల కావాలనే దాహాన్ని చంపుకుంటోందంటే అది చిన్న అసౌకర్యం కాదు, ప్రాణం మీదికి వచ్చే సంగతి. బడుల్లో ఎన్నో ఏళ్ళు ఇదే చూశాను. రజస్వల అయిన పిల్లలైతే శిబిరానికి రావడమే మానేస్తారు. చెప్పాక తాళంచెవిని ఖోఖో అమ్మాయి దగ్గర ఉంచారు, డ్రమ్ముతో నీళ్ళు పెట్టారు. అయితే లోపల గడియ సరిగా పడదు, సాయంత్రం వేళకు దీపం లేదు. శిబిరం ముగిసే నాటికి కూడా అలాగే ఉంది. ఒక గడియ, ఒక బల్బు ఖరీదు ముగింపు సభకు కట్టిన ఫ్లెక్సీ ఖరీదులో పదో వంతు కూడా ఉండదు. వచ్చే ఏడాది చేర్చే ముందు తల్లులు స్వయంగా వెళ్ళి ఆ తలుపు తీసి చూడండి. గడియ పడితేనే డబ్బు కట్టండి.

రెండోది స్కేటింగ్. బయటి సంస్థ ఒకటి వచ్చి అదనంగా రూ.500 తీసుకుని నేర్పింది. కట్టని పిల్లలు ఆ గంట గట్టు మీద కూర్చుని చూడాలి. ఒకే టోపీ పెట్టి పిల్లలందరినీ ఒక్కటి చేసిన శిబిరంలో ఆ గంట పిల్లలను రెండుగా చీల్చింది. మా పిల్లకు నేను డబ్బు కట్టలేదు. ఆమె స్నేహితురాలు గట్టు మీద ఉంటే ఈమె చక్రాల మీద తిరగడం నాకు ఇష్టం లేకపోయింది. స్కేటింగ్ కావాలంటే వేరే వేళలో పెట్టుకోవాలి, శిబిరం వేళలో వద్దు.

మూడోది చివరి వారం. ముగింపు సభలో సినిమా పాటలకు నాట్యం ఉండాలని ఆటలు ఆపేసి సాధన చేయించారు. నాట్యంలో ఎంపిక కాని పిల్లలు మళ్ళీ ఖాళీగా కూర్చున్నారు. సభ రోజు అతిథి ఆలస్యంగా వస్తే పిల్లలను కుర్చీల్లో కదలకుండా కూర్చోబెట్టారు. బహుమతులు గెలిచిన వారికే ఇచ్చారు. ముగింపుకు తల్లిదండ్రులను పిలిచి వారితోనే పిల్లలను ఖోఖో, పులిజూదం ఆడించి ఉంటే అందరికీ ఎక్కువ సంతోషం దక్కేది. ఈ మాట నిర్వాహకులకు కాగితం మీద రాసి ఇచ్చాను.

మిగతావి క్లుప్తంగా. పిల్లలను ఎవరు తీసుకువెళ్తున్నారో రిజిస్టరులో సంతకం తీసుకుంటారు. ఒకసారి నా బదులు పక్కింటాయన వెళితే నాకు ఫోను చేసి అడిగాకే పంపారు. వీధికుక్కలు రాకుండా గేటు మూసే ఉంచుతారు. ప్రథమ చికిత్స పెట్టె ఉంది, అందులో మందుల గడువు తేదీలు చూశాను, సరిగానే ఉన్నాయి. రోజూ రాగిజావ, ఆదివారం ఉగ్గాని పెట్టారు. పిల్లలు మారు అడిగి తిన్నారు.

పెద్ద పిల్లలున్న వారు మే నెలలో జిల్లా క్రీడాప్రాధికార సంస్థ నడిపే వేసవి శిక్షణ శిబిరాల సంగతి కనుక్కోండి. అక్కడ ఒకే ఆటను శిక్షకులు పద్ధతిగా నేర్పుతారు. ఆటలకన్నా పుస్తకాలు ఇష్టపడే పిల్లలకు గ్రంథాలయాల్లో వేసవి విజ్ఞాన శిబిరాలు ఉంటాయి. టెన్నిస్ మీద నిజంగా ఆసక్తి ఉంటే ఒకసారి అనంతపురం తీసుకువెళ్ళి ఆర్డీటీ (రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్ట్) అనే స్వచ్ఛంద సంస్థ క్రీడా గ్రామం చూపించండి. స్పెయిన్ టెన్నిస్ ఆటగాడు రఫేల్ నాదల్ ఫౌండేషన్ తోడ్పాటుతో 2010లో మొదలైన టెన్నిస్ బడి అక్కడే ఉంది. పల్లెటూరి పిల్లలు అక్కడ రాకెట్ పట్టుకుని ఆడుతుంటే చూసిన పిల్లకు, ఈ ఆట మనకు కాదన్న సంకోచం పోతుంది.

మా శిబిరానికి దరఖాస్తులు ఏప్రిల్ రెండో వారంలో సంఘం కార్యాలయంలో ఇస్తారు. బడులకు సెలవులు ఇచ్చిన మరుసటి సోమవారం మొదలుపెడతారు. కొత్త బూట్లు కొననక్కరలేదు, బడికి వేసుకునే కాన్వాసు బూట్లు చాలు. లీటరు పట్టే నీళ్ళ సీసా, పలుచని నూలు చొక్కా, చెమట తుడుచుకోవడానికి చిన్న తువ్వాలు ఇచ్చి పంపండి. చిన్న పిల్లల జట్టులో చోట్లు తక్కువ, ముందుగా వెళ్ళిన వారికే దొరుకుతాయి.