ఆరేళ్ళుగా వాడుతున్న డిజిటల్ కాటా: ఊరు మారాక తెలిసిన సంగతి

నగల పనికి వాడే 0.01 గ్రాము కాటా ఇది. బ్యాటరీ, డిస్‌ప్లే, గాజు మూత అన్నిట్లోనూ ఒకటే కాబట్టి వాటి జోలికి పోను. నేను చెప్పాలనుకున్నది దాని క్యాల్ బటన్ (తూకం సరిచేసుకునే క్యాలిబ్రేషన్ మీట) గురించి, దాంతో పాటు ఇచ్చే 200 గ్రాముల తూకపు గుండు గురించి.

మచిలీపట్నంలో కొన్నాను. కొన్నరోజే ఆ గుండు పెట్టి సరిచేసుకున్నాను, ఐదేళ్ళు మళ్ళీ ఆ అవసరమే రాలేదు. కిందటేడు పిల్లల చదువుల కోసం బెంగళూరు వచ్చేశాం. వచ్చిన వారానికే ఒకాయన హారం చేయించుకుందామని 100 గ్రాముల బంగారం బిస్కెట్ తెచ్చారు. పెడితే 99.96. తీసి, సున్నా చేసి మళ్ళీ పెట్టాను, ఫ్యాన్ ఆపాను, కిటికీ మూశాను, అయినా అదే 99.96. "ఆచారి గారూ, బిల్లులో 100 ఉందండీ" అన్నారాయన. కోపంగా అనలేదు గానీ నాకు చెమటలు పట్టాయి. 40 మిల్లీగ్రాములంటే ఇవాళ్టి రేటుకి వందల్లో మాట, పైగా కొత్త ఊళ్ళో మొదట్లోనే మాట పడితే ఇక పని ఎవరిస్తారు?

అటక మీంచి నాన్నగారి త్రాసు దింపాను. ఒక పళ్ళెంలో బిస్కెట్, రెండోదాంట్లో 100 గ్రాముల ఇత్తడి గుండు. ముల్లు నిటారుగా నిలబడింది. అప్పుడు కాటా మీద 200 గుండు పెట్టి చూస్తే 199.92! క్యాల్ నొక్కి, గుండు పెట్టి, 200.00 వచ్చేదాకా ఆగి బిస్కెట్ పెట్టాను. సరిగ్గా 100.00.

కాటా పాడైందనే అనుకున్నాను. రిపేరు చేసే అబ్బాయికి ఫోన్ చేస్తే అతను అడిగిన మొదటి మాట "ఊరు మారారా అండీ?" త్రాసులో రెండు పళ్ళేలనీ భూమి ఒకేలా లాగుతుంది కాబట్టి ఎక్కడికి తీసుకెళ్ళినా తేడా రాదు. డిజిటల్ కాటా అలా కాదు, తన మీద ఎంత బలం పడుతోందో చూసి, చివరిసారి సరిచేసిన చోటి లెక్కతో దాన్ని గ్రాముల్లోకి మారుస్తుంది. బెంగళూరు సముద్రమట్టానికి 900 మీటర్ల పైనుంది, మచిలీపట్నం కంటే భూమధ్యరేఖకి ఇంకో మూడు డిగ్రీలు దగ్గర, అందుకని ఇక్కడ భూమి లాగుడు సుమారు పదివేలలో నాలుగు వంతులు తక్కువ. బంగారం ద్రవ్యరాశి రవ్వంత కూడా తగ్గలేదు, తగ్గింది బరువే. ప్రయాణంలో కుదుపులూ ఇక్కడి చలీ కూడా కొంచెం కలిశాయేమో, కాదనను.

ఎక్కడ పెట్టినా తప్పు చూపదని తోటి పనివాళ్ళకి చెప్పి ఇదే కొనిపించాను. ఇప్పుడైతే 'ఒకే ఊళ్ళో ఉంటే' అని కలిపి చెబుతున్నాను. అమ్మేటప్పుడు ఈ ఒక్క ముక్క చెప్పి ఉంటే ఆ రోజు అంత టెన్షన్ ఉండేది కాదు, ఆ బాధ ఇప్పటికీ ఉంది.

నాది పనిబల్ల మీద వాడుకునేది కాబట్టి నేనే సరిచేసుకున్నాను. కొట్లో అమ్మకానికి వాడే ముద్ర వేసిన కాటా అయితే సొంతంగా ముట్టుకోకండి, లైసెన్సున్నవాళ్ళతో చేయించి తూనికలు కొలతల శాఖవాళ్ళ చేత మళ్ళీ ముద్ర వేయించుకోవాలి. గుండుని మాత్రం పోగొట్టుకోకండి. నేను చేత్తో తాకకుండా మెత్తని గుడ్డతోనే తీస్తాను, వేలి జిడ్డు అంటితే అదీ బరువే.