‘బాక్స్ పీస్’ ట్రెక్కింగ్ బూట్లతో జాగ్రత్త: గోకర్ణం కొండదారిలో రెండు సోళ్లూ ఊడాయి

హైదరాబాద్ కోఠి వైపు సగం ధరకి ట్రెక్కింగ్ బూట్లమ్మే కొట్టు సంగతి. వీకెండ్ నడకలకి వెళ్లే మనవాళ్లలో చాలామందికి తెలిసిందే, పేరు రాయక్కర్లేదు. "బాక్స్ పీస్ సార్, ఎవ్వరూ కాలు కూడా పెట్టలే" అని నాకు అంటగట్టిన జత కర్ణాటక తీరాన గోకర్ణంలో హాఫ్‌మూన్ బీచ్ దాటగానే విడిపోయింది. ముందు కుడి మడమ నోరు తెరిచింది, కాసేపటికి ఎడమది.

ఆ దారి తెలిసినవాళ్లకి విడిగా చెప్పక్కర్లేదు. కుడ్లే నుంచి ఓం బీచ్ దాకా సోలు ఊడినా చెప్పులేసుకుని ఎలాగో బయటపడొచ్చు. హాఫ్‌మూన్ నుంచి పారడైజ్ బీచ్ వైపు అలా కాదు. పక్కనే వాలు, కింద బండలు, వాటి మీద అలలు. ఎర్రమట్టి మీద సన్న రాళ్లు అడుగు వేస్తే చాలు దొర్లుతాయి. పారడైజ్‌కి రోడ్డు లేదు, నడిచి రావాలి లేదా పడవెక్కాలి. ఒంటరిగా వెళితే పట్టుకోవడానికి ఇంకో చెయ్యి కూడా ఉండదు. అక్కడ గ్రిప్ పోవడమంటే బూటు పోవడం ఒక్కటే కాదు.

ఇక కొట్టువాడి మర్యాద చూడండి. అమ్మేటప్పుడు సార్, సార్. ఊడిన సోళ్లు కౌంటర్ మీద పెట్టగానే నువ్వు. "వాడినంక వాపస్ తీస్కోం. అయినా ఒక్కనివే సముద్రం గట్టు మీద నడవమని నీకెవరు చెప్పిన్రు? ఖాజాగూడ గుట్టలకి పోయేటోళ్లందరూ ఇవే తొడుగుతరు, ఎవ్వరికీ ఊడలే." పక్కనున్న కుర్రాడు నవ్వాడు. పైగా "యాభై రూపాయల గమ్ముతో అయ్యే పని" అని సలహా. సలహాకి డబ్బులడగలేదు, సంతోషం.

గమ్ముతో ఎందుకు కాదో చెబుతాను, ఇదే ముఖ్యం. బూటు అడుగున రబ్బరు పొరకీ పైభాగానికీ మధ్య ఉండే మెత్తటి పొర మిడ్‌సోల్. చాలా ట్రెక్కింగ్ బూట్లలో అది పాలీయురెథేన్, అంటే పీయూ. గాలిలోని తేమ పీయూని లోలోపలే విడగొడుతుంది, దాన్నే హైడ్రోలిసిస్ అంటారు. వేడి, తేమ ఎక్కువున్న గోడౌన్‌లో ఇంకా వేగంగా జరుగుతుంది. బూటు తొడగకపోయినా, డబ్బా తెరవకపోయినా ఆగదు. ఏళ్ల తరబడి డబ్బాలో మగ్గిన జత పైకి కొత్తగానే మెరుస్తుంది, లోపల పీయూ మాత్రం ఉస్మానియా బిస్కెట్‌లా పొడి అవుతుంది. కాబట్టి ఊడింది అతుకు కాదు, అతుకు పట్టుకోవాల్సిన పదార్థమే. పొడికి గమ్ము రాస్తే పొడితో సహా వచ్చేస్తుంది. మిడ్‌సోల్ మొత్తం మార్చాలి, మామూలుగా చెప్పులు కుట్టేచోట అది కుదరదు. ఒక బూటుది పోతే రెండోదీ పోతుంది, రెండూ ఒకే వయసువి కదా.

ఇక మోసం ఎక్కడంటే స్టిక్కర్ దగ్గర. డబ్బా మీద తయారీ నెల, సంవత్సరం ఉండాలని ప్యాకేజ్డ్ కమోడిటీస్ రూల్స్, 2011 చెబుతున్నాయి. ఈ డబ్బా మీద కొత్త స్టిక్కర్ 2024 అంటోంది. బూటు నాలుక (లేసుల కింది పట్టీ) లోపల కుట్టిన లేబుల్ మీద మాత్రం 2016. ఏడెనిమిదేళ్ల సరుక్కి కొత్త జన్మపత్రిక రాశారన్నమాట. సగం ధర చూసి మురిసిపోతే లేబుల్ తిరగేయాలని ఎవరికి తోస్తుంది!

బిల్లు మీద "నో రిఫండ్" ముద్ర ఉందని ఊరుకోకండి. లోపమున్న సరుకు వెనక్కి తీసుకోకపోవడం 2019 వినియోగదారుల చట్టం ప్రకారం అనుచిత వ్యాపారమే. వాపసుకి బిల్లులో గడువేమీ రాయకపోతే 30 రోజులు లెక్క. ముందు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి. బిల్లు, రెండు లేబుళ్ల ఫొటోలు, ఊడిన ముక్కలు దాచండి. పొడి కూడా, కవర్లో వేసి.

కొనేవాళ్లు చేయాల్సింది పెద్దగా ఏం లేదు. నాలుక లోపలి లేబుల్ చూడండి. మిడ్‌సోల్ పక్కన బొటనవేలి గోరుతో గట్టిగా నొక్కండి: గుంట పడి లేవకపోయినా, సన్న పగుళ్లు కనిపించినా, జిగటగా తగిలినా అక్కడే పెట్టేయండి. కొట్టులోనే తొడుక్కుని మునివేళ్ల మీద పదిసార్లు లేవండి. మిడ్‌సోల్ ఈవీఏ (మరో రకం ఫోమ్) అయితే ఈ రోగం రాదు, కానీ అది నలిగి పలచబడుతుంది, అతుకూ వదలొచ్చు. కొత్త జతని ముందు భువనగిరి కోట ఎక్కించి చూడండి, సముద్రం తర్వాత. సంచిలో రెండు మీటర్ల సన్నతాడు ఉంచండి. సోలు ఊడితే తాడు గాడుల మధ్యలోంచి, పాదం ముందు భాగం కిందుగా తీసి, పైన కత్తెరలా దాటించి మడమ వెనక ముడేయండి. టేపు ఒక్కదాన్నే నమ్ముకోవద్దు, రాళ్ల మీద ఇట్టే అరుగుతుంది.

అన్నట్టు అదే మోడల్ ఎనిమిది, తొమ్మిది సైజులు ఇంకా కౌంటర్ వెనక ర్యాక్‌లో ఉన్నాయి, అదే 2024 స్టిక్కర్‌తో.