కాగితం ఎక్కడ ఆగింది? బడి సాఫ్ట్‌వేర్‌తో మా రెండేళ్లు

తెనాలిలో ఒక ప్రైవేటు హైస్కూలు ఆఫీసులో 22 ఏళ్లుగా పనిచేస్తున్నాను. ఒకటి నుంచి పది దాకా తరగతులు, 640 మంది పిల్లలు, ఆఫీసు గదిలో నాతో కలిపి ముగ్గురం. రెండేళ్ల కిందట మార్చిలో మా కరెస్పాండెంటుగారు బడి నిర్వహణకు ఒక సాఫ్ట్‌వేర్ తీసుకున్నారు. ఫీజులు, హాజరు, మార్కులు అన్నీ అందులోనే నడుస్తాయి. నేను రాస్తున్నది వాటి గురించి కాదు. ఒక పని మొదలైనప్పటి నుంచి ముగిసేదాకా ఎవరి దగ్గర ఉందో, ఎంతవరకు వచ్చిందో చూపించే భాగం గురించి. ఆ భాగం చూసే మావాళ్లు కొన్నారు, రోజులో ఎక్కువసేపు నేను కూర్చునేదీ ఆ తెర ముందే. కంపెనీ పేరు రాయడం లేదు. మా బడికి తగ్గట్టుగా డీలరు మార్చి ఇచ్చిన రూపం ఇది. ఏ లోపం కంపెనీదో, ఏది ఆ మార్పుల వల్ల వచ్చిందో తేల్చి చెప్పగల జ్ఞానం నాకు లేదు. తేల్చకుండా పేరు పెట్టడం న్యాయం కాదు.

నేను ఉద్యోగంలో చేరినప్పుడు మా ఆఫీసుకు పెద్దదిక్కు తాలూకా ఆఫీసులో రిటైరై వచ్చిన ఒక గుమాస్తాగారు. మద్రాసు రాష్ట్రం నాటి నుంచి మన ప్రభుత్వ కార్యాలయాల్లో నడిచిన టాటన్‌హామ్ పద్ధతినే ఆయన బడికీ తెచ్చారు. వచ్చిన ప్రతి కాగితానికీ ఒక నంబరు. పర్సనల్ రిజిస్టరులో ఆ నంబరు కింద అది వచ్చిన తేదీ, ఎవరికి ఎప్పుడు పంపాం, జవాబు రాకపోతే ఎప్పుడు గుర్తుచేశాం, అన్నీ వరసగా రాయాలి. చివరి గడిలో ఆ కాగితాన్ని ఎలా ముగించామో రాయాలి. శాశ్వతంగా దాచేదైతే ఆర్.డిస్, ఏడాదికి మించి అక్కర్లేనిదైతే ఎల్.డిస్. ఆ గడి నిండేవరకు కాగితం బతికున్నట్టే లెక్క. నెలకోసారి ఆయన రిజిస్టరు తెరిచి, ఖాళీ గడి మీద వేలు పెట్టి, "ఇది ఎందుకు ఆగిందమ్మా?" అని అడిగేవారు. ఈ సాఫ్ట్‌వేర్‌ను నేను కొలిచింది ఆ ప్రశ్నతోనే.

టీసీ పనినే తీసుకుంటాను, ఆఫీసులో అందరికీ తెలిసిన పని కాబట్టి. తల్లిదండ్రులు దరఖాస్తు ఇవ్వగానే నేను నమోదు చేస్తాను. అక్కడి నుంచి క్లాస్ టీచరు, లైబ్రరీ, ల్యాబ్, ఫీజుల కౌంటరు, ఆ తరవాత హెడ్‌మాస్టరుగారు. ఒక్కొక్కరూ తమ ఫోనులో 'బాకీ లేదు' అని నొక్కితే దరఖాస్తు తరవాతివారికి వెళుతుంది. నా తెర మీద దరఖాస్తులన్నీ వరసగా రంగులతో కనిపిస్తాయి. నడుస్తున్నవి పసుపు, తిరస్కరించినవి ఎరుపు, ముగిసినవి ఆకుపచ్చ. పూర్వం జూన్ వచ్చిందంటే ఒక్క సంతకం కోసం కాగితం పట్టుకుని మూడంతస్తులు ఎక్కి దిగేవాళ్లం. ల్యాబ్ టీచరు పాఠం చెబుతుంటే గంట కొట్టేదాకా గుమ్మం బయట నిలబడేవాళ్లం. మొన్న జూన్‌లో వారం రోజుల్లో 58 టీసీలు ఇచ్చాం. మెట్లెక్కాల్సిన అవసరం రెండు మూడు సార్లే పడింది. ఈ ఒక్క మేలుకే నేను దీనికి రుణపడి ఉన్నాను.

ఇంకొకటి కూడా మనసారా మెచ్చుకోవాలి. అడ్మిషన్ రిజిస్టరులో తప్పు పడితే మేం చెరిపి రాయం. పాత అక్షరం కనబడేలా అడ్డగీత కొట్టి, ఎర్ర సిరాతో సరిదిద్ది, పక్కన హెడ్‌మాస్టరు సంతకం పెట్టిస్తాం. సాఫ్ట్‌వేర్ కూడా ఆ మర్యాద పాటిస్తుంది. ఏ వివరం మార్చినా పాతది, కొత్తది, మార్చినవారి పేరు, తేదీ, సమయం మిగిలిపోతాయి. హెడ్‌మాస్టరుగారు కూడా వాటిని తుడిచేయలేరు. ఒక పాప పుట్టిన తేదీ గురించి తల్లికీ మాకూ వాదన వచ్చినప్పుడు నిమిషంలో తేలిపోయింది. అయితే ఇద్దరు టీచర్లు ఒకే పాస్‌వర్డ్ వాడుకుంటే ఈ చరిత్రంతా అబద్ధమైపోతుంది. మా దగ్గర కొన్నాళ్లు అదే జరిగింది. సెలవులో ఉన్న టీచరు పేరు మీద ఆమోదాలు కనబడ్డాక హెడ్‌మాస్టరుగారు గట్టిగా చెప్పి మాన్పించారు.

ఇక మొదటి జూన్ సంగతి. ఏడో తరగతి పిల్లవాడి తండ్రికి ఒంగోలులో రైసు మిల్లులో పని దొరికింది. కుటుంబమంతా అక్కడికి మారింది. టీసీకి దరఖాస్తు ఇచ్చి వెళ్లారు. మూడు రోజుల తరవాత రైలెక్కి వచ్చారు. తెర మీద పసుపు రంగు, 'లైబ్రరీ, పెండింగ్'. అదే చెప్పాను. మళ్లీ రెండు రోజులకు వచ్చారు. అదే పసుపు, అదే మాట. "మేడమ్‌గారూ, మావాడు లైబ్రరీలో పుస్తకమే తీసుకోలేదండీ, ఇంకేం బాకీ ఉంటుందండీ?" అన్నారాయన, గొంతు పెంచకుండా. ఒక రోజు కూలి పోగొట్టుకుని వచ్చిన మనిషి. నేను లేచి లైబ్రరీ గదికి వెళ్లి చూశాను. తాళం వేసి ఉంది. లైబ్రరీ చూసే టీచరు వారం రోజుల శిక్షణకు గుంటూరు వెళ్లారు, ఆ వారం ఫోనులో ఆమోదాలేవీ చూడలేదు. పుస్తకాల రిజిస్టరులో ఆ పిల్లవాడి పేరు మీద ఒక్క పుస్తకం కూడా లేదు.

పెండింగ్ అనే ఒక్క మాట కింద ఎన్ని సంగతులు దాగుంటాయో నాకు అప్పుడు తెలిసింది. పుస్తకం బాకీ ఉన్నా పెండింగే, టీచరు ఊళ్లో లేకపోయినా పెండింగే, చూసి మరిచిపోయినా పెండింగే. ఎవరి దగ్గర ఆగిందో తెర చెబుతోంది, ఎందుకు ఆగిందో చెప్పడం లేదు. అసలు ఈ విషయంలో చట్టం స్పష్టంగా ఉంది. 2009 నాటి విద్యాహక్కు చట్టం 5వ సెక్షన్ ప్రకారం, పిల్లవాడు బడి మారేటప్పుడు టీసీ వెంటనే ఇవ్వాలి. టీసీ ఆలస్యమైందన్న కారణంతో కొత్త బడి చేర్చుకోవడం ఆపకూడదు. కానీ కొత్త బడి గుమ్మం దగ్గర మొదట అడిగేది టీసీనే అని ఏ తండ్రిని అడిగినా చెబుతారు. ఆ రోజే హెడ్‌మాస్టరుగారితో మాట్లాడి లైబ్రరీ మెట్టు ఆయన చేతనే దాటించి, సాయంత్రానికి టీసీ చేతిలో పెట్టి పంపాను. తెర మీద ఆకుపచ్చ వెలిగింది.

అది కూడా నిజం కాదు. పది రోజుల తరవాత ఒంగోలు బడి నుంచి ఫోను. బడుల, పిల్లల వివరాలు నమోదుచేసే ప్రభుత్వ పోర్టల్ యూడైస్ ప్లస్‌లో ఆ పిల్లవాడు ఇంకా మా బడిలోనే ఉన్నట్టు కనబడుతున్నాడట. పిల్లవాడి శాశ్వత విద్యా సంఖ్యను, అంటే మేం పెన్ అని పిలిచేదాన్ని, కొత్త బడి తన ఖాతాలోకి తెచ్చుకోవాలంటే ముందు మేం అతన్ని ఆ పోర్టల్‌లో మా బడి నుంచి వదలాలి. డ్రాప్ బాక్స్‌లో వేయడం అంటాం. మా సాఫ్ట్‌వేర్‌లో టీసీ దారి కాగితం ముద్రించడంతోనే ముగిసిపోయింది, ఈ మెట్టు అందులో లేనే లేదు. పర్సనల్ రిజిస్టరు అయితే చివరి గడి ఖాళీగా ఉండి నన్ను పట్టుకునేది. ఇక్కడ ఆకుపచ్చ చూసి నేను నిశ్చింతగా ఉన్నాను. ఆ సాయంత్రం ఒక గంట కూర్చుని ఆ జూన్‌లో ఇచ్చిన టీసీలన్నీ పోర్టల్‌తో సరిచూస్తే మరో 11 మంది పిల్లలు అలాగే మిగిలిపోయి ఉన్నారు.

డీలరుకు ఇవన్నీ రాసి పంపాను. వాళ్లు విన్నారు, ఆ మాట చెప్పి తీరాలి. అక్టోబరు నాటికి మూడు మార్పులు వచ్చాయి. రెండు రోజులకు మించి దరఖాస్తు ఆపితే కారణం రాయనిదే ఆ టీచరు తెర ముందుకు సాగదు. సెలవు పెట్టినవారి ఆమోదాలు ముందే పేరు ఇచ్చిన మరొకరికి వెళతాయి. టీసీ దారిలో యూడైస్ మెట్టు చేరింది, అది పూర్తయితేనే ఆకుపచ్చ. రెండో జూన్‌లో 58 టీసీలు సాఫీగా సాగడానికి కారణం ఈ మూడే.

తల్లిదండ్రులకు వెళ్లే సందేశాలు కూడా అప్పుడే బాగుపడ్డాయి. మొదట్లో 'మీ దరఖాస్తు 3వ దశలో ఉంది' అని వెళ్లేది. మూడో దశ ఏమిటో ఆ తల్లికి ఎలా తెలుస్తుంది? ఇప్పుడు 'లైబ్రరీ పుస్తకం ఒకటి తిరిగి ఇవ్వాలి' అని తెలుగులో వెళుతోంది. ఆ మర్నాడే పుస్తకం వస్తోంది. ఆఫీసుకు వచ్చే ఫోన్లు సగానికి పైగా తగ్గాయని నా అంచనా.

ఇంకా మారనిది శాతం లెక్క, దాని మీద నాకు కోపం తగ్గలేదు. అపార్ పని చూడండి. పిల్లలకు ఇచ్చే 12 అంకెల విద్యా గుర్తింపు సంఖ్య అది. తల్లిదండ్రుల సమ్మతి పత్రం పంపాలి, సంతకంతో తిరిగి తీసుకోవాలి, పోర్టల్‌లో నమోదు చేయాలి, అప్పుడు సంఖ్య రావాలి. ఆధార్‌లో పేరు ఒకలా, మా రికార్డులో మరోలా ఉంటే సంఖ్య రాదు. మన ఇంటిపేర్లతోనే పెద్ద చిక్కు. ఒకచోట పూర్తిగా ఉంటుంది, మరోచోట ఒక్క అక్షరం ఉంటుంది. కొందరికి మా నమోదులోనే అచ్చుతప్పు. మేం 618 మందికి నమోదు చేసిన రోజు తెర మీద 97 శాతం పూర్తయినట్టు పెద్ద అక్షరాలతో చూపించింది. కరెస్పాండెంటుగారు చూసి సంతోషించారు, స్టాఫ్ మీటింగులో మమ్మల్ని పొగిడారు. నిజానికి అందులో 71 మంది వివరాలు కలవక వెనక్కి వచ్చాయి. సంఖ్య వచ్చింది 547 మందికే. మేం మీట నొక్కడాన్ని సాఫ్ట్‌వేర్ పని ముగింపుగా లెక్కపెట్టింది. పిల్లవాడికి సంఖ్య వచ్చిందా లేదా అన్నది దానికి పట్టలేదు. ఆ 71 పేర్లు నేను తెల్లకాగితం మీద రాసుకుని, ఒక్కొక్కరి ఇంటికీ ఫోను చేసి, కొందరిని ఆధార్ కేంద్రానికి పంపి, మూడు నెలలు తిప్పలు పడి సరిచేశాం. ఆ మూడు నెలలూ తెర మీద 97 అలాగే వెలుగుతూ ఉంది.

మిగతావి త్వరగా చెబుతాను. ఫీజుల రసీదులు బాగున్నాయి. స్టడీ సర్టిఫికెట్ రెండు నిమిషాల్లో వస్తుంది. టీసీ మీద తెలుగు పేర్లలో వత్తులు మొదట్లో పక్కకు జరిగేవి, ఇప్పుడు సరిగ్గా పడుతున్నాయి. పాత ఫోనుల్లో యాప్ నెమ్మది. కరెంటు పోయినప్పుడు సగం నింపిన వివరాలు పోతున్నాయి. వానాకాలంలో ఇది చిన్న కష్టం కాదు.

మీ బడికి ఇలాంటిది కొనబోతుంటే డీలరు నవ్వుతూ చూపించే ఆకుపచ్చ తెరలతో సరిపెట్టుకోకండి. ఒక దరఖాస్తును మధ్యలో ఆపించి, వారం తరవాత అది ఎలా కనబడుతుందో చూపించమనండి. ఆపినవారు సెలవులో ఉంటే ఎవరికి వెళుతుందో అడగండి. 'పూర్తి' అని ఏ మెట్టు దగ్గర రాస్తుందో అడిగి, ఆ మెట్టుకు మీ పిల్లవాడి చేతికి ఏం వచ్చి ఉంటుందో ఆలోచించండి. ఆఫీసులో పనిచేసేవారిని ఆ బేరం దగ్గర కూర్చోబెట్టండి. మా బడిలో కొనేముందు మమ్మల్ని ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఒంగోలు నుంచి ఆ తండ్రి అన్నిసార్లు రైలెక్కేవారు కాదు.

అయినా మేం దీన్ని మానలేదు. విద్యార్థికి ఏడాదికి 110 రూపాయల చొప్పున 70,400 రూపాయలు కట్టి ఈ మార్చిలో మళ్లీ తీసుకున్నాం. సంతకానికి ముందు, శాతం లెక్కను మే నెలాఖరులోగా మారుస్తామని డీలరు చేత కాగితం మీద రాయించుకున్నాం. ఆ కాగితానికి పాత పర్సనల్ రిజిస్టరులో నంబరు వేశాను. చివరి గడి ఇంకా ఖాళీగానే ఉంది.