టీడీఎస్-3 పెన్ మీటర్: ఏం కొలుస్తుంది, ఏం కొలవదు

ఒకే అపార్ట్‌మెంట్ సంపులో నల్లా నీళ్లు, బోరు నీళ్లు, ట్యాంకర్ నీళ్లు కలిసిపోయే హైదరాబాద్‌లో హెచ్‌ఎం డిజిటల్ టీడీఎస్-3 లాంటి పెన్ మీటర్ (టీడీఎస్ అంటే నీళ్లలో కరిగిన పదార్థాల మొత్తం) ఇంట్లో ఉండాల్సిందే. కాకపోతే చాలామంది అది చూపించే అంకెను లీటరు నీళ్లలో ఉన్న లవణాల బరువు అనుకుంటారు. మీటర్ దేన్నీ తూచదు. రెండు లోహపు పిన్నుల మధ్య కరెంటు ఎంత సులువుగా పోతోందో చూసి, దాన్ని లీటరుకు ఇన్ని మిల్లీగ్రాముల (పీపీఎం) ఉప్పు అనే లెక్కలోకి మార్చి చెబుతుంది.

ఉప్పు కరగగానే సోడియం, క్లోరైడ్ అయాన్లుగా (విద్యుదావేశం ఉన్న కణాలుగా) విడిపోతుంది. నీటి అణువులు ఆక్సిజన్ వైపు తిప్పి సోడియాన్ని, హైడ్రోజన్ వైపు తిప్పి క్లోరైడ్‌ను చుట్టుముడతాయి. అయాన్ ఈ నీటి తొడుగుతోనే కదలాలి. సోడియం కన్నా పొటాషియం పెద్దది, బరువైనది. అయినా నీటిని వదులుగా పట్టుకుంటుంది కాబట్టి వేగంగా కదులుతుంది: 25 డిగ్రీల దగ్గర దాని మోలార్ వాహకత (ఒక మోల్ అయాన్లు కరెంటును మోసే సామర్థ్యం) 73.5, సోడియానిది 50.1.

అయాన్లను బట్టి, ఒకే బరువుకు అంకె ఎలా మారుతుందో ఇంట్లోనే చూడొచ్చు. బ్యాటరీ వాటర్ (లవణాలు తీసేసిన నీళ్లు) ఒక్కో లీటరు చొప్పున తీసుకుని, 0.01 గ్రాము చూపే తూకంతో ఒకదానిలో ఉప్పు, ఇంకోదానిలో వంట సోడా, మరోదానిలో ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) ఒక్కో గ్రాము కలపండి. ఉప్పుకు మీటర్ సుమారు 1000 చూపిస్తుంది. వంట సోడాకు 500 దగ్గరే ఆగుతుంది. ఎప్సమ్ సాల్ట్‌కు 400 కూడా దాటదు. దాని బరువులో సగం నీళ్లే మరి: స్ఫటికంలోనే ప్రతి మెగ్నీషియం ఆరు నీటి అణువులను అంటిపెట్టుకుని ఉంటుంది, ఏడోది సల్ఫేట్‌ను పట్టుకుని ఉంటుంది. పైగా కరిగాక మెగ్నీషియం, సల్ఫేట్ కొంత జతకడతాయి, ఆ జతలు కరెంటు మోయవు. ఇక చక్కెర గ్రాము కాదు, గుప్పెడు వేసినా అంకె పెరగదు. చక్కెర హైడ్రోజన్ బంధాలతో నీటిని బాగానే పట్టుకుంటుంది, కానీ దానికి విద్యుదావేశం లేదు.

అందుకే ఫ్లోరైడ్ విషయంలో ఈ మీటర్‌ను నమ్ముకోకూడదు. నల్లగొండ వైపు బోరు నీళ్లలో ఫ్లోరైడ్ లీటరుకు 3 మి.గ్రా. ఉన్నా (గరిష్ఠ పరిమితి 1.5) అంకెలో తేడా పదిలోపే. 600 రీడింగ్‌లో అది కనపడనే కనపడదు. ల్యాబ్ పరీక్ష తప్పనిసరి. బ్యాక్టీరియా సంగతీ అంతే.

ఆర్‌ఓ మెంబ్రేన్ ఎలా ఉందో చూడ్డానికి మాత్రం దీనికి పూర్తి మార్కులు. లోపలికి వెళ్లే నీళ్లు 800, బయటికొచ్చేవి 40 అయితే 95 శాతం ఆపుతోందన్నమాట. మిక్సింగ్ వాల్వ్ (శుద్ధి చేసిన నీళ్లలో కొన్ని మామూలు నీళ్లను కలిపేది) ఉంటే దాన్ని మూసి కొలవండి, లేకపోతే మంచి మెంబ్రేన్ కూడా పాడైనట్టే కనిపిస్తుంది.

ఎక్కువమంది పొరపడేది రెండు చోట్ల. పిన్నులకు గాలి బుడగ అంటుకుంటే రీడింగ్ తగ్గుతుంది, గీత వరకే ముంచి మెల్లగా కలపండి. ఎండాకాలం ఓవర్‌హెడ్ ట్యాంకు నీళ్లను వేడిగా ఉండగానే కొలవకండి. డిగ్రీకి సుమారు 2 శాతం చొప్పున వాహకత పెరుగుతుంది. మీటర్ దాన్ని సరిచేస్తుంది గానీ, లోపలి సెన్సార్ నీటి వేడిని అందుకోవడానికి కాస్త టైమ్ పడుతుంది. ‘×10’ మెరుస్తుంటే అంకెను పదితో హెచ్చించాలి.

క్యాలిబ్రేషన్‌కు (మీటర్ అంకెను సరిచూసి సర్దడానికి) 342 పీపీఎం ఉప్పు ద్రావణం కొనక్కర్లేదు. 3.42 గ్రాముల పొడి ఉప్పును బ్యాటరీ వాటర్‌లో కరిగించి సరిగ్గా లీటరు చేయండి. అందులోంచి 100 మి.లీ. తీసి, బ్యాటరీ వాటర్‌తో మళ్లీ లీటరు చేయండి. గల్లు ఉప్పు తేమ పీల్చుకుని ఉంటుంది, బరువు తప్పుతుంది, వాడకండి. పని అయ్యాక పిన్నులను బ్యాటరీ వాటర్‌తో కడిగి, ఆరాకే మూత పెట్టండి.